యాక్టివేట్ అయింది, అయినా పాతదే పోతోంది



అమీర్‌పేటలో ఎస్‌ఏపీ ఇంటిగ్రేషన్ కోర్సు చేస్తున్న మన తమ్ముడొకడు మొన్న ఫోన్ చేసిండు. "అన్నా, ఛానెల్‌ల అడ్రస్ మార్చిన, యాక్టివేట్ కూడా చేసిన. అంతా మంచిగనే చూపిస్తుంది. కానీ మెసేజ్ మాత్రం పాత అడ్రస్‌కే పోతుంది. సార్‌ని అడిగితే క్యాష్ రిఫ్రెష్ కొట్టు అన్నడు. కొట్టిన, సరైపోయింది. కానీ ఎందుకు సరైందో సమజ్ కాలేదు" అన్నడు.

ఆ చివరి మాట కోసమే ఇంత పొడుగు పోస్టు పెడుతున్న. సరైపోయిన తర్వాత కూడా "ఎందుకు" అని అడిగేటోళ్లు ఈ ఫీల్డ్‌లో తక్కువ. నేను ఈ పనిలోకి వచ్చి ఏడేళ్లయింది. షాద్‌నగర్ నుంచి ఆరాంఘర్ దాకా బస్సు, అక్కడి నుంచి గచ్చిబౌలి. రాత్రి షిఫ్టులు, పండుగ నాడు ఆన్‌కాల్. మన పిల్లలు ఇప్పుడు చాలామంది ఈ సపోర్ట్ ఉద్యోగాల్లోకి వస్తున్నరు కాబట్టి కోచింగ్‌లో చెప్పని ఒక సంగతి రాద్దామనుకున్న.

ముందు పేరు దగ్గర్నే తకరారు ఉంది. తెలుగులో రాస్తే డబ్బులూ క్యాషే, ఇదీ క్యాషే. నేను ఫోన్‌లో "క్యాష్ రిఫ్రెష్ కాలేదు, క్యాష్ పాతదే ఉంది" అని మాట్లాడుతుంటే మా యాడి విని, నోట్ల రద్దు మళ్లీ వచ్చిందా అని భయపడింది. ఈ క్యాష్ వేరే. ఫ్రెంచ్ భాషలో దాచిపెట్టడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ప్రతిసారీ దూరం పోయి తెచ్చుకునే బదులు, ఒకసారి తెచ్చినదాన్ని చేతికందే చోట దాచుకోవడం. కంప్యూటర్ వేగంగా పనిచేస్తుందంటే సగం పుణ్యం దీనిదే.

ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్ అంటే ఏందో తెలియని వాళ్లకు ఒక్క మాట. మన తండాల్లో ముసలమ్మను బ్యాంకుకు తీసుకుపోయే పిల్లగాడు ఉంటడు కదా. ఆమె గోర్‌బోలిలో చెప్తే వాడు తెలుగులో చెప్తడు, మేనేజర్ చెప్పింది మళ్లీ ఆమెకు చెప్తడు. కంపెనీలో ఒక సాఫ్ట్‌వేర్‌కూ ఇంకో సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఆ పిల్లగాని పని చేసేదే ఇంటిగ్రేషన్. ఎస్‌ఏపీ వాళ్లది మొదట ఎక్స్ఐ అన్నరు, తర్వాత పీఐ, ఆ తర్వాత పీఓ. ఎవరి మాట ఎవరికి చేర్చాలి, ఏ అడ్రస్‌కు, ఏ భాషలోకి మార్చి అనే రూల్స్ అన్నీ ఇంటిగ్రేషన్ డైరెక్టరీ అనే చోట రాసి ఉంటయి. కానీ లక్షల మెసేజ్‌లు పోయే సిస్టం ఒక్కో మెసేజ్‌కూ డైరెక్టరీ తెరిచి చూడదు. రూల్స్‌ని తన దగ్గర ఒక కాపీ పెట్టుకుంటది. అదే రన్‌టైమ్ క్యాష్. అడాప్టర్ ఇంజిన్ దగ్గరున్న కాపీని సీపీఏ క్యాష్ అంటరు. డ్యూయల్ స్టాక్ సిస్టం అయితే అబాప్ వైపు ఇంకో కాపీ ఉంటది. దాన్ని ఎస్‌ఎక్స్ఐ క్యాష్ అనే ట్రాన్సాక్షన్‌లో చూడొచ్చు.

అంటే బ్యాంకు రూల్ మారినా పిల్లగాడికి ఎవరూ చెప్పకపోతే వాడు పాత రూలే చెప్తడు. వాడు అబద్ధం ఆడట్లేదు. వానికి తెలిసిందే చెప్తున్నడు.

డైరెక్టరీలో మనం ఏదన్నా మార్చి యాక్టివేట్ నొక్కగానే రెండు పనులు కావాలె. మొదటిది, డైరెక్టరీ "నా దగ్గర కొత్తది వచ్చింది" అని ఇంజిన్లకు కబురు పంపాలె. రెండోది, కబురు అందుకున్న ఇంజిన్ వచ్చి కొత్తది తీసుకుపోవాలె. ఈ రెండూ వేర్వేరు దారులు. వేర్వేరు అడ్రస్‌లు, వేర్వేరు యూజర్లు, వేర్వేరు పాస్‌వర్డ్‌లు. ఇది మనసులో గట్టిగా నిలుపుకోండి, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదనే ఉంది.

ఇక అసలు కథ. కంపెనీ పేరు, క్లయింట్ పేరు రాయను. కొన్నేళ్ల కింద దసరా ముందు రోజులు.

క్లయింట్‌కు ఒక ఫ్యాక్టరీ ఉంది, వేరే రాష్ట్రంలో. అక్కడ సరుకు లారీకి ఎక్కాలంటే ముందు ఈ-ఇన్వాయిస్ కావాలె. 2020 అక్టోబర్ 1 నుంచి పెద్ద కంపెనీలకు, 500 కోట్ల టర్నోవర్ దాటినోళ్లకు, జీఎస్‌టీలో ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి చేసిండ్రు. మెల్లగ ఆ హద్దు దించుకుంటూ వచ్చి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల దాకా తెచ్చిండ్రు. కంపెనీ సిస్టం నుంచి బిల్లు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కు పోతయి. అక్కడి నుంచి ఐఆర్ఎన్ అనే నంబరు, క్యూఆర్ కోడ్ వెనక్కి వస్తయి. అవి రాకపోతే బిల్లు చెల్లదు. వాటితో పాటు ఈ-వే బిల్లు కూడా లేకపోతే లారీ గేటు దాటదు. మధ్యలో ఈ మోసుకొచ్చే పనంతా మన పీఐదే.

నడుమ ఉన్న సర్వీస్ వాళ్లు తమ అడ్రస్ మారుస్తున్నమని, ఫలానా రాత్రి పన్నెండు తర్వాత పాతది పనిచేయదని నెల ముందే చెప్పిండ్రు. మా టీమ్ సాయంత్రం ఆరింటికి ప్రొడక్షన్‌లో ఛానెల్ మార్చి యాక్టివేట్ చేసింది. యాక్టివేట్ అయిందని స్క్రీన్ మీద వచ్చింది. అందరూ ఇండ్లకు పోయిండ్రు.

పన్నెండు దాటినంక ఒక్క బిల్లు కూడా రాలేదు. పన్నెండున్నరకు ఫ్యాక్టరీ నుంచి ఫోన్. అప్పటికే లోడ్ అయిన బండ్లు గేటు లోపల వరుసగా నిలబడ్డయి. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నది ఒక్కడే, నాగర్‌కర్నూల్ వైపు పిల్లగాడు, చేరి నాలుగు నెలలు. మెసేజ్ తెరిచి చూస్తే ఇంకా పాత అడ్రస్‌కే పోతోంది. డైరెక్టరీలో చూస్తే కొత్త అడ్రసే ఉంది. వానికి ఏం అర్థం కాలేదు. ఇద్దరికి ఫోన్ చేసిండు, ఎత్తలేదు. నాకు చేసేసరికి రెండు దాటింది. మొత్తానికి మొదటి బండి గేటు దాటేసరికి మూడు నలభై.

ఆ ఫ్యాక్టరీ మన దగ్గరిది కాదు నిజమే. కానీ గేటు దగ్గర ఆగిన లారీ అంటే ఏందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్తూరు, నందిగామ, బాలానగర్ ఫ్యాక్టరీల చుట్టూ మన తండాల నుంచి ఎంతమంది బండ్లు నడుపుతున్నరు, ఎంతమంది హమాలీకి పోతున్నరు. మా బాబాయి ఇరవై ఏండ్లు లారీ నడిపిండు. ట్రిప్పు లెక్కన పైసలు. ఆగిన గంటకు ఎవరూ ఇయ్యరు. బిల్లు ఎందుకు రాలేదో డ్రైవర్‌కు ఎవరూ చెప్పరు, "సిస్టం డౌన్" అంటరు, అంతే. ఆ సిస్టం అనే మాట వెనక మనలాంటోడే ఒకడు స్క్రీన్ ముందు చెమటలు పట్టి కూర్చుని ఉంటడని ఆయనకూ తెలియదు.

తెల్లారి మీటింగ్ పెట్టిండ్రు. ఇలాంటిది జరిగితే కారణం రాసి ఇవ్వాలె, రూట్ కాజ్ అంటరు. రాసుకొచ్చిన కాగితంలో ఒకే వాక్యం: యాక్టివేట్ చేసిన తర్వాత సపోర్ట్ ఇంజనీర్ క్యాష్ రిఫ్రెష్ చేయలేదు, మానవ తప్పిదం. అంటే ఆ పిల్లగాని మీద. సాయంత్రం మార్పు చేసినోడు వాడు కాదు. అయినా రాత్రి డ్యూటీలో ఉన్నడు కాబట్టి.

టీమ్ హ్యాండోవర్ పత్రంలో ఒక లైన్ ఉంది: ప్రతి యాక్టివేషన్ తర్వాత బ్రౌజర్‌లో సీపీఏ క్యాష్ లింక్ తెరిచి ఫుల్ రిఫ్రెష్ చేయాలి. దానికి పీఐడిఐఆర్ యూజర్ అనే సర్వీస్ యూజర్ పాస్‌వర్డ్ కావాలె. ఆ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంది, ఇద్దరూ పండుగకు ఊరికి పోయిండ్రు. ఆ లైన్ ఎవరు రాసిండ్రు, ఎప్పుడు రాసిండ్రు అంటే ఎవరికీ గుర్తు లేదు. కొత్తగా వచ్చినోళ్లందరూ అది సాఫ్ట్‌వేర్ పద్ధతే అనుకున్నరు. నేను అడిగింది ఒక్కటే: యాక్టివేట్ చేస్తే రిఫ్రెష్ తనంతట తనే కావాలని ఎస్‌ఏపీ వాళ్లు కట్టిండ్రు కదా, మరి మనం చేత్తో ఎందుకు చేస్తున్నం? ఆటోమేటిక్‌గా కావాల్సింది ఎప్పటి నుంచి ఆగింది?

గది మొత్తం సప్పుడు లేదు. మేనేజర్ "సరే, సాయంత్రం దాకా టైమ్ తీసుకో" అన్నడు.

ఇక్కడి నుంచి కోర్సు చేస్తున్న తమ్ముళ్లు జాగ్రత్తగా చదవండి.

మొదట చూడాల్సింది సిస్టం ఏం చెప్తున్నదో. ఇంటిగ్రేషన్ బిల్డర్‌లో ఎన్విరాన్‌మెంట్ మెనూ కింద క్యాష్ నోటిఫికేషన్స్ అని ఉంటది. యాక్టివేట్ చేసిన ప్రతి మార్పుకూ, ఏ ఇంజిన్‌కు కబురు అందింది, ఏది అందలేదు అక్కడ కనబడుతది. చాలామంది యాక్టివేట్ సక్సెస్ అని చూసి ఆగిపోతరు. ఆ సక్సెస్ అంటే డైరెక్టరీలో రాత పూర్తయిందని మాత్రమే. ఊరి చావిడిలో నోటీసు అంటించినట్టు. అందరూ చదివిండ్రని కాదు. మా దగ్గర చూస్తే అబాప్ వైపు ఇంజిన్‌కు అన్నీ పచ్చగా ఉన్నయి. అడాప్టర్ ఇంజిన్‌కు అన్నీ ఎర్రగా. వెనక్కి పోతూ చూస్తే రెండు నెలల నుంచి ప్రతి ఒక్కటీ ఎరుపే. ఆ రెండు నెలల ముందు అన్నీ పచ్చగనే ఉన్నయి.

దీనితోనే సగం తేలిపోయింది. ఒకటి, ఇది దసరా రాత్రి పుట్టిన రోగం కాదు. రెండు, అడాప్టర్ ఇంజిన్ ఒక్కదానికే ఉంది కాబట్టి డైరెక్టరీ బాగనే ఉంది.

రెండోది, చేత్తో ఫుల్ రిఫ్రెష్ కొడితే సరైపోతుంది కదా, అది ఏం చెప్తున్నదో ఆలోచించాలె. చేత్తో కొట్టినప్పుడు ఇంజిన్ తనే పోయి డైరెక్టరీ నుంచి కొత్తవి తెచ్చుకుంటది. తెచ్చుకోగలిగిందంటే తెచ్చుకునే దారి బాగుంది, ఆ యూజర్ బాగుంది, ఆ పాస్‌వర్డ్ బాగుంది. చెడింది కబురు పోయే దారి. మా సీనియర్ ఒకాయన అప్పటికే పీఐ యూజర్లందరి పాస్‌వర్డ్‌లు మార్చి సిస్టం రీస్టార్ట్ చేద్దామన్నడు. అదే చేసి ఉంటే బాగున్న దారి కూడా తెగేది. ఎందుకంటే ఈ సర్వీస్ యూజర్ల పాస్‌వర్డ్ ఒక్క చోట ఉండదు. ఎస్‌యూ01లో ఉంటది, ఎస్‌ఎం59 డెస్టినేషన్లలో ఉంటది, పాత వెర్షన్లలో ఎక్స్‌ఛేంజ్ ప్రొఫైల్‌లో ఉంటది. ఒక చోట మార్చి ఇంకో చోట మరిచిపోతే పాత పాస్‌వర్డ్‌తో తలుపు తట్టి తట్టి యూజర్ లాక్ అయిపోతడు. 401 అని ఎర్రర్ వస్తే ముందు చూడాల్సింది ఇదే. ఎవడో అన్‌లాక్ చేస్తడు, పది నిమిషాల్లో మళ్లీ లాక్. అప్పుడు తెలుసుకోవాల్సింది ఎక్కడో ఇంకా పాత పాస్‌వర్డ్ కూర్చుని ఉందని.

మా దగ్గర 401 లేదు. నోటిఫికేషన్ ఎర్రర్ తెరిచి చూస్తే ఆ పేరుగల మెషిన్ దొరకట్లేదు అని ఉంది. ఆ పేరు చూసి నేనే ఒక నిమిషం ఆగిన. అది మా సర్వర్ పేరు కాదు. పాత సర్వర్ పేరు. ఏడాది కింద మెషిన్లు మార్చిండ్రు, కొత్త పేర్లు పెట్టిండ్రు.

మరి డైరెక్టరీకి ఆ పాత పేరు ఎక్కడి నుంచి వచ్చింది? డైరెక్టరీ ఇంజిన్ అడ్రస్‌ను తన దగ్గర రాసుకోదు. ఎస్‌ఎల్‌డీ అనే ఇంకో చోట అడుగుతది. సిస్టం ల్యాండ్‌స్కేప్ డైరెక్టరీ. కంపెనీలో ఏ సిస్టం ఏ మెషిన్ మీద ఏ పోర్టులో ఉందో చెప్పే రిజిస్టర్ అది. అడాప్టర్ ఇంజిన్ లేచినప్పుడు తన అడ్రస్ అక్కడ నమోదు చేసుకుంటది. మెషిన్ మారినప్పుడు కొత్త ఎంట్రీ వచ్చింది గానీ పాతది ఎవరూ తీసేయలేదు. డైరెక్టరీ పాతదే పట్టుకుంది.

ఏడాది కింద మెషిన్ మారితే రెండు నెలల కింద ఎందుకు ఆగింది అని మీకు డౌట్ రావాలె. నాకూ వచ్చింది. నెట్‌వర్క్ టీమ్‌ను అడిగితే తెలిసింది. మెషిన్ మార్చినప్పుడు పాత పేరును కొత్త మెషిన్‌కే మళ్లించి ఉంచిండ్రు, ఎవరి పని ఆగొద్దని. పాత పేరుతో పిలిచినా కొత్తదే పలికేది. రెండు నెలల కింద "వాడని పేర్లు" అని లిస్టు తీసి శుభ్రం చేసిండ్రు. ఆ రోజు నుంచి కబుర్లు గాలిలోకి పోతున్నయి. సరిగ్గా ఆ వారమే ఎవరో "రిఫ్రెష్ చేత్తో కొడితే వస్తోంది" అని కనిపెట్టి హ్యాండోవర్ పత్రంలో రాసిండ్రు. మందు దొరికింది, ఇక రోగం ఏందని ఎవరూ చూడలేదు.

మన షాద్‌నగర్ వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మార్చినప్పుడు మనం మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డికి వచ్చినం. ఒక్క రాత్రిలో. బండి నంబర్లు టీఎస్ 06 నుంచి టీఎస్ 07 అయినయి. కానీ ఆ తర్వాత సంవత్సరం నేను ఒక ఫారం నింపుతుంటే ఆ వెబ్‌సైటులో రంగారెడ్డి నొక్కితే మా మండలం లేదు, మహబూబ్‌నగర్ నొక్కితే ఉంది. సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, ఫారంలో ఒక జిల్లా, రెండూ కలవట్లేదని వెనక్కి వచ్చింది. మూడుసార్లు తిరిగిన. కౌంటర్ దగ్గరాయన నా తప్పన్నట్టే చూసిండు. 2018 ఆగస్టు 2 నుంచి తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. మనకు మన సర్పంచ్ వచ్చిండు. ఇప్పటికీ కొరియర్ అబ్బాయి పాత పంచాయతీ ఊర్లో నిలబడి ఫోన్ చేస్తడు, "అన్నా, ఇక్కడ మీ పేరు ఎవరికీ తెలుస్తలేదు" అని. మార్పు ఒక రిజిస్టర్‌లో జరిగింది. ఆ రిజిస్టర్ చూసి కాపీ రాసుకున్న వాళ్లందరికీ చెప్పే పని ఎవరిదో ఎవరూ రాయలేదు.

సరే, మళ్లీ పనికి వద్దాం. ఎస్‌ఎల్‌డీలో పాత ఎంట్రీ తీసేయించినం. బేసిస్ టీమ్ వాళ్లు చేసిండ్రు, అది వాళ్ల హక్కు. కొత్త అడ్రస్, పోర్టు సరిగా ఉందో చూసినం. యాక్టివేట్ చేస్తే మళ్లీ ఎరుపే! పాత పేరే! అప్పుడు అందరి మొహాలూ చూడాలె. సంగతేందంటే డైరెక్టరీ ఎస్‌ఎల్‌డీని కూడా ప్రతిసారీ అడగదు. దానికీ ఒక కాపీ దాచుకుంటది. క్యాష్‌కు కబురు పంపే అడ్రసే ఇంకో క్యాష్‌లో పాతదై కూర్చుంది. ఎన్విరాన్‌మెంట్ మెనూలోనే క్లియర్ ఎస్‌ఎల్‌డీ డేటా క్యాష్ అని ఉంది, అది నొక్కినం. ఒక టెస్ట్ ఛానెల్ వివరణలో ఒక చుక్క పెట్టి యాక్టివేట్ చేసినం. పచ్చగా వచ్చింది. అంతటితో ఆగకుండా అడాప్టర్ ఇంజిన్ వైపు సీపీఏ క్యాష్ హిస్టరీలో ఆ నిమిషానికే అప్‌డేట్ పడ్డదా అని చూసినం. పడ్డది. ఎవరూ చేత్తో ఏం కొట్టలేదు.

పచ్చ రంగును నమ్మినా, అందుకున్న వాడి దగ్గరకు పోయి చూసే అలవాటు చేసుకోండి. ఒకసారి వేరే క్లయింట్ దగ్గర నోటిఫికేషన్ పచ్చగనే ఉంది, కానీ మెసేజ్‌లు కొన్ని కొత్త అడ్రస్‌కు, కొన్ని పాతదానికి పోతున్నయి. అక్కడ జావా సర్వర్ నోడ్‌లు రెండు. ఒక్కో నోడ్ తన కాపీ తనే పెట్టుకుంటది. ఒకటి మారింది, ఒకటి మారలేదు. సగం పనిచేసి సగం చెయ్యకపోతే నెట్‌వర్క్‌ను తిట్టకముందు ఏ నోడ్ మీదుగా పోయిన మెసేజ్‌లు చెడ్డయో చూడండి. అది మెసేజ్ వివరాల్లోనే ఉంటది.

ఇంకో ప్రమాదం గురించి కూడా చెప్పాలె, ఇది నిజంగా భయపెట్టేది. ప్రొడక్షన్‌ను కాపీ చేసి టెస్టింగ్ సిస్టం తయారు చేస్తరు. దాంతోపాటు ప్రొడక్షన్ అడ్రస్‌లు కూడా కాపీ అయి వస్తయి. ఎస్‌ఎం59లో ఇంటిగ్రేషన్ డైరెక్టరీ హెచ్ఎంఐ అనే డెస్టినేషన్ ఉంటది, అబాప్ వైపు తన క్యాష్ కోసం డైరెక్టరీని అడిగే దారి అదే. సిస్టం కాపీ తర్వాత దాన్ని మార్చకపోతే టెస్టింగ్ సిస్టం పోయి ప్రొడక్షన్ డైరెక్టరీని అడుగుతది. కనెక్షన్ టెస్ట్ కొడితే బాగనే ఉందని వస్తది, ఎందుకంటే అటువైపు మనిషి ఉన్నడు, కాకపోతే మన మనిషి కాదు. హోస్ట్ పేరు కళ్లతో చదవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఫుల్ రిఫ్రెష్ తప్పా అంటే తప్పు కాదు. రాత్రి రెండింటికి బండ్లు ఆగి ఉంటే నేనూ ముందు అదే కొట్టిన. పాస్‌వర్డ్ ఉన్నాయన్ని నిద్ర లేపి మరీ. కానీ పెద్ద సిస్టంలో వేల ఛానెళ్లు, అగ్రిమెంట్లు మొత్తం మళ్లీ చదవాలె, బరువు పడుతది. మారినవి మాత్రమే తెచ్చే డెల్టా రిఫ్రెష్ ఉంది, ముందు అది ప్రయత్నించాలె. అసలు కొట్టే ముందు నోటిఫికేషన్ ఎర్రర్ ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కొట్టినంక సాక్ష్యం పోతది.

ఆటోమేటిక్ అంటే దేవుడని కూడా అనుకోవద్దు. 2010 సెప్టెంబర్ 23న ఫేస్‌బుక్ దాదాపు రెండున్నర గంటలు ఆగిపోయింది. వాళ్ల దగ్గర క్యాష్‌లో తప్పు విలువ కనబడితే అసలు చోటు నుంచి సరైనది తెచ్చి తనంతట తానే సరిచేసే ఏర్పాటు ఉండేది. ఆ రోజు అసలు చోటులోనే తప్పు విలువ పడ్డది. ప్రతి సర్వరూ "ఇది తప్పు, సరిచేస్త" అని డేటాబేస్ మీదికి ఒకేసారి ఎగబడింది. మళ్లీ తెస్తే మళ్లీ తప్పే. చివరికి సైట్ మొత్తం ఆపి, డేటాబేస్‌కు ఊపిరి తీసుకోనిచ్చి, మెల్లగ మనుషులను లోపలికి వదిలిండ్రు. అంత పెద్ద కంపెనీకే జరిగింది. కబురు పోవడం, తెచ్చుకోవడంతో పాటు తెచ్చుకున్నది సరైనదా అనే మూడో ప్రశ్న కూడా ఉందన్నమాట.

మీటింగ్ సంగతి చెప్పలేదు కదా. సాయంత్రానికి నేను మూడు ఫొటోలు పెట్టిన: రెండు నెలల ఎర్ర నోటిఫికేషన్లు, పాత హోస్ట్ పేరున్న ఎర్రర్, నెట్‌వర్క్ టీమ్ పేరు తీసేసిన తేదీ. మానవ తప్పిదం అనే మాట కొట్టేసి, ఎస్‌ఎల్‌డీలో పాత నమోదు అని రాసిండ్రు. ఒకాయన మాత్రం "అయినా ఆ అబ్బాయి తొందరగా పట్టుకోవాల్సింది" అన్నడు. రెండు నెలలుగా మనం పది మందిమి పట్టుకోలేదు కదా సార్ అన్న. నవ్విండు, అంతే. ఆ పిల్లగాడు ఇప్పుడు ఇంకో కంపెనీలో ఉన్నడు, నాకంటే ఎక్కువ జీతం.

ఇది ఎందుకు రాస్తున్ననంటే, సపోర్ట్ టీముల్లో కింది మెట్టు మీద, రాత్రి షిఫ్టులో, కాంట్రాక్టులో ఉండేది ఎక్కువగా మనలాంటోళ్లమే. ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్నోళ్లం. ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడేటోడు మీటింగ్‌లో ఏది చెప్తే అది కారణం అయిపోతది. మనకు గొంతు లేవకపోతే ఫొటో, టైమ్, హోస్ట్ పేరు మాట్లాడతయి. గురుకులంలో చదివిన మన పిల్లలకు నోటు పుస్తకంలో తేదీ వేసి రాసే అలవాటు ఉంది కదా, దాన్ని ఇక్కడ వదలకండి. ఎన్ని గంటలకు ఎర్రర్ చూసిన, ఎవరికి ఫోన్ చేసిన, ఎవరు ఎత్తలేదు, అన్నీ రాసి పెట్టుకోండి.

కొందరు అడుగుతున్నరు, పీఐ నేర్చుకోవాలా, అయిపోతున్నదంట కదా అని. నిజమే, పీఓ 7.5కు మామూలు మెయింటెనెన్స్ 2027 చివరి దాకనే, ఎక్కువ పైసలు కడితే 2030 దాకా. కొత్తగా వచ్చేటోళ్లు క్లౌడ్‌లోని ఇంటిగ్రేషన్ సూట్ నేర్చుకోవడమే మేలు. అయితే చాలా కంపెనీలు ఇంకా పాతదాని మీదనే నడుస్తున్నయి, పాతదాని నుంచి కొత్తదానికి మార్చే పని ఉంది, దానికి రెండూ తెలిసినోడు కావాలె. మ్యూల్‌సాఫ్ట్ అయినా ఇంకోటైనా క్యాష్ లేని ఇంటిగ్రేషన్ లేదు. మెనూ పేర్లు మారుతయి. కాపీ ఎక్కడుంది, దానికి ఎవరు చెప్తరు, ఏ అడ్రస్‌కు చెప్తరు అనేవి మారవు. ఇంటర్వ్యూలో "క్యాష్ పాతదైతే ఏం చేస్తవ్" అని తప్పకుండా అడుగుతరు. ఫుల్ రిఫ్రెష్ అని అందరూ చెప్తరు. మీరు "చేత్తో కొడితే వస్తుందా రాదా ముందు చూస్త, వస్తే కబురు దారి చూస్త, రాకపోతే తెచ్చుకునే దారి చూస్త" అని చెప్పండి. అడిగినాయన కుర్చీలో సర్దుకుని కూర్చుంటడు, నేను చూసిన.

హ్యాండోవర్ పత్రంలో ఆ లైన్ తీసేసినం. దాని చోట, యాక్టివేట్ చేసినంక క్యాష్ నోటిఫికేషన్స్ తెరిచి చూడాలి, ఎరుపు ఉంటే రిఫ్రెష్ కొట్టినా సరే టికెట్ వేయాలి అని రాసినం. పాస్‌వర్డ్ షిఫ్టులో ఉన్న వాళ్లకు పద్ధతి ప్రకారం దొరికేటట్టు చేయించినం. ఇంతకుముందు వాట్సాప్‌లో తిరిగేది, ఆ సంగతి ఇంకోసారి.

ఫోన్ చేసిన తమ్ముడూ, నీ ప్రాక్టీస్ సిస్టంలో ఇప్పుడు క్యాష్ నోటిఫికేషన్స్ తెరువు. అక్కడ ఏ ఇంజిన్ ఎదురుగా ఎరుపు ఉందో, ఎర్రర్‌లో హోస్ట్ పేరు ఏముందో ఫొటో తీసి ఇక్కడ కింద పెట్టు. ఈ వారం నాకు రాత్రి షిఫ్టు, పొద్దున ఏడింటి బస్సులో కూర్చున్నంక చూసి చెప్త.